ఎదుటివాళ్ల పుస్తకం

లాకుల దగ్గర గేజీ రాసే పుస్తకాన్నే
వెనక నుంచి మొదలుపెట్టాను.
ముందువైపు కాలవ. వెనకవైపు శత్రువులు.
పై అధికారులెవరూ అంతదాకా తిప్పరు.

మొదటి పేజీ పెన్మెత్స రామభద్రరాజుగారిది.
గుర్రాలు. బొటనవేలంత బొమ్మలే గానీ
ఒక్క ఊపున పద్నాలుగు అంగుళాలు దూకుతాయి.
ఆయనకి ఆగడం రాదు, బండి మీదైనా అంతే.
మందు: బక్క దళాన్నొకదాన్ని ఎరగా పెట్టు.
తిననీ. నమిలేలోపు రెండు పక్కలా మూసెయ్.

రెండోది మస్తానమ్మది, జాకెట్లు కుడుతుంది.
నూట ఇరవై ఎలకల దండు.
చంపినకొద్దీ వస్తాయి, తొలకరి ఉసుళ్లలా.
చంపడం కాదు పని, గడియారం చూడు.
ఆవిడ అన్నిటినీ జరిపేసరికి టీ వస్తుంది, సాయంత్రమవుతుంది.
నువ్వు గుట్టెక్కి జెండా పట్టుకుని కూర్చో.

మూడో పేజీ నుంచి పదకొండు దాకా
గుబ్బల ఏసుపాదం.
భీమవరంలో పళ్లసెట్లు చేస్తాడు.
ఆ మైనంతోనే అచ్చుతీసి ఎనిమిది ఫిరంగులు పోశాడు.
బల్ల చివర వరసగా నిలబెట్టి ఇక కదలడు,
చెరువు గట్టున కొంగ.
నాలుగుసార్లు ఓడాను. నాలుగుసార్లూ రెండో వంతులోనే.

అందుకే ఈ నెలంతా ఆయనకే.
రాత్రి షట్టర్లు దించాక నేల మీద ముగ్గుతో
ఆరడుగులకి నాలుగడుగులు గీసి,
సోడామూతలు ఫిరంగులు, చింతపిక్కలు నావాళ్లు.
టేపు లాగాను, మళ్లీ లాగాను.
గుట్ట చాటున ఒక వంతు
(రొయ్యల పెట్టెల థెర్మోకోల్ కోసి చేసిన గుట్ట,
ఎన్ని రంగులేసినా ఎండకి వాసనొస్తుంది),
కొబ్బరిపీచు తుప్పల్లో ఇంకో వంతు,
మూడోదానికి ఆయన గుమ్మంలో ఉంటాను.
పాచికలు ఎంత పాడుగా పడినా
ఆరుగురు మిగులుతారు. ఆరుగురు చాలు.
"పిక్కలకి కూడా నిద్రుండదా మీతో"
అంది మా ఆవిడ, కిటికీలోంచి.

ఆదివారం. మేతకొట్టు పైన గది.
చెట్లు పడిపోతాయని ఫ్యాను ఆపేశారు.
ఏసుపాదం రాలేదు.
ఎవరికో పెళ్లిలోపు పళ్లు కావాలట.
కూతురు కెజియా వచ్చింది, పదమూడేళ్లది,
టిఫిను కారేజీలో ఫిరంగుల్ని దూదిలో చుట్టుకుని.
అవే ఎనిమిది. లోపల్లోపల నవ్వుకున్నాను.

గుట్ట చాటుకి చేరాను.
ఆ పిల్ల ఫిరంగుల్ని ముందుకి తోసింది.

ఫిరంగుల్ని!
"చక్రాలున్నాయి కదండీ" అంది.

తొమ్మిది పేజీల్లో ఎక్కడా లేదు ఆ మాట.
ధవళేశ్వరంలో హెచ్చరిక ఎగరేస్తే
ఏ గట్టుకి ఎన్ని ఇసక బస్తాలో నోటికొచ్చు నాకు.
కానీ ఒక ఏడు నీళ్లు
పందికొక్కు బొక్కలోంచి వచ్చాయి,
బస్తాల మీద మేం కూర్చునుండగానే.

గుట్టకి అటు నాలుగు, ఇటు నాలుగు.
రాజుగారికని నూరుకున్న మందు
నా గొంతులోనే పడింది.

బొమ్మలు డబ్బాలో సర్దుతూ అడిగాను,
"ఎలా తెలిసిందమ్మా?"
జేబులోంచి మందులచీటీ తీసింది. వెనకాల
వాళ్ల నాన్న రాత, చీమలబారు:
లాకుల బుల్లెయ్యగారు. చాటు దొరికితే వదలరు.
గేటెత్తేముందు మూడుసార్లు కొలిచే మనిషి.
టేపు మూడోసారి తీసిన చోటే ఆయనుంటారు.
నువ్వే వెళ్లిపో.

రాత్రి కాలవ మట్టం ముందుపేజీలో రాసి
పుస్తకం తిరగేశాను.
పన్నెండో పేజీ. కెజియా, అని రాశాను.
కింద ఏం రాయాలో తోచలేదు.
ముగ్గు గీతలు ఇంకా చెరగలేదు నేల మీద.
టేపు తీశాను. కొలిచాను. జేబులో పెట్టేశాను.
కాసేపు కప్పల్ని విన్నాను.
ఉండబట్టక
మళ్లీ తీశాను.